రసీదు లేని డబ్బు

శ్రోతలందరికీ నమస్కారం.

1991 ఆగస్టు. స్విట్జర్లాండ్‌లో ఆస్ట్రియా సరిహద్దు పక్కనే సెయింట్ మార్గరెతెన్ అని ఒక చిన్న ఊరు. అక్కడి షాపింగ్ సెంటర్ కార్ పార్కింగ్‌లో ఆయుధాల బేరాలు కుదిర్చే కార్ల్‌హైంజ్ ష్రైబర్ ఒక పెట్టె అందించాడు. పెట్టెలో పది లక్షల జర్మన్ మార్కులు, అన్నీ నోట్లే. కలుసుకోవడానికి వచ్చినవాళ్లు అప్పట్లో జర్మనీని ఏలుతున్న క్రిస్టియన్ డెమోక్రటిక్ యూనియన్ కోశాధికారి వాల్తర్ లైస్లర్ కీప్, ఆ పార్టీ లెక్కలు చూసే హోర్స్ట్ వైరాఖ్.

ఆ పార్టీకి పెద్ద ఆఫీసు ఉంది. బ్యాంకు ఖాతా ఉంది. విరాళం తీసుకోవడం నేరమేమీ కాదు. మరి పక్క దేశానికి వెళ్లి, కారు ఆపుకునే చోట నిలబడి పుచ్చుకోవలసిన అవసరం ఏమొచ్చింది? ఈ కథ చదివిన ప్రతిసారీ నేను ఆ పార్కింగ్ దగ్గరే ఆగిపోతాను.

ఎనిమిదేళ్లు ఎవరికీ తెలియలేదు. 1999 నవంబరులో పన్ను ఎగవేత అనుమానంతో కీప్ మీద అరెస్టు వారెంటు వచ్చింది, అక్కడి నుంచి తీగ లాగితే డొంకంతా కదిలింది. పార్టీకి రహస్య ఖాతాలున్నాయని బయటపడింది. 25 ఏళ్లు పార్టీ అధ్యక్షుడిగా, 16 ఏళ్లు చాన్సలర్‌గా ఉన్న హెల్ముట్ కోల్ ఆ డిసెంబరు 16న టీవీలో ఒక మాట ఒప్పుకున్నారు. 1993, 1998 మధ్య తాను 15 నుంచి 20 లక్షల మార్కుల దాకా లెక్కల్లో చూపకుండా తీసుకున్నానన్నారు. ఎవరిచ్చారంటే చెప్పనన్నారు. పేరు బయటపెట్టనని వాళ్లకు మాట ఇచ్చారట.

ఇచ్చిన మాట మీద నిలబడేవాణ్ని మనం గౌరవిస్తాం. అందుకే ఈ జవాబు వినగానే చాలామంది మెత్తబడతారు. ఒక్క క్షణం ఆగి చూద్దాం. జర్మన్ రాజ్యాంగం 21వ అధికరణం, పార్టీలు తమ నిధులు ఎక్కడి నుంచి వచ్చాయో ప్రజలకు లెక్క చెప్పాలంటుంది. 20 వేల మార్కులు దాటి ఇచ్చిన దాత పేరు ప్రకటించాలని అప్పటి చట్టం. ఆ రాజ్యాంగాన్ని, చట్టాలను కాపాడతానని కోల్ చాన్సలర్‌గా పార్లమెంటులో ప్రమాణం చేశారు. దేశమంతా వింటుండగా ఇచ్చిన మాట అది. నాలుగు గోడల మధ్య డబ్బున్న ఎవరికో ఇచ్చిన మాట దానికంటే ఎలా పెద్దదయింది?

ఇంకో సమాధానం కూడా నాయకుల నోట తరచూ వింటాం. నా జేబులో చిల్లిగవ్వ వేసుకోలేదు, అంతా పార్టీకే వాడాను అంటారు. అది నిజమే కావచ్చు. కోల్ సొంతానికి వాడుకున్నారని ఎవరూ రుజువు చేయలేదు. కానీ ఇచ్చినవాడు ఎవరో తెలియనప్పుడు, వాడు బదులుగా ఏం అడిగాడో ఎవరికి తెలుస్తుంది? పైగా నాయకుడి చేతిలో అలాంటి డబ్బుంటే పార్టీలో ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో ఆయన ఒక్కడే తేల్చుకుంటాడు. ఎదురు చెప్పేవాడికి రూపాయి అందదు. ఆ డబ్బు జేబులోకి వెళ్లకపోయినా అధికారంగా మారుతుంది.

కుర్రతనంలో ఒక ఎన్నికల సమయంలో నేనూ ఇంటింటికీ తిరిగి పార్టీ చందాలు వసూలు చేశాను. చేతిలో రసీదు పుస్తకం, రెండు కాగితాల మధ్య నీలం కార్బన్. ఒక ముసలావిడ నాలుగు మడతలు పెట్టి దాచుకున్న నోటు ఇచ్చింది. రసీదు చేతికిస్తే, అందులో ఏం రాశావో చదవమంది. తన పేరు, డబ్బెంతో రెండుసార్లు చదివించుకుని విన్నాక గానీ నన్ను కదలనివ్వలేదు. ఆ రాత్రి లెక్క చూస్తే కాస్త తేడా వచ్చింది. నలుగురం కూర్చుని నకళ్లన్నీ తిరగేశాం. కార్బన్ అరిగిపోయి ఒక నకలు మీద సున్నా పడలేదు. అది దొరికేసరికి అర్ధరాత్రి దాటింది, ఇంత చిన్నదానికి ఎందుకింత టెన్షన్ అని మాలో ఎవరూ అనలేదు. అడుగున పనిచేసే కార్యకర్త అంత నిక్కచ్చిగా ఉంటే, పైన పెట్టెలు చేతులు మారడం నాకు ఇప్పటికీ జీర్ణం కాదు.

జర్మనీలో దానికంటే ఘోరం కోల్ పార్టీ హెస్సే రాష్ట్ర శాఖలో జరిగింది. 1980ల మొదట్లో అక్కడి నాయకులు పార్టీ డబ్బును గుట్టుగా స్విట్జర్లాండ్ దాటించారు. తర్వాత దాన్ని కొంచెం కొంచెంగా వెనక్కి తెస్తూ, చనిపోయిన యూదు వలసదారులు వీలునామాల్లో పార్టీకి రాసిచ్చిన సొమ్ము అని లెక్కల్లో చూపించారు. నాజీలు యూదులను చంపిన దేశంలో, ప్రాణాలు దక్కించుకుని వెళ్లిపోయినవాళ్ల పేరుతో ఈ అబద్ధం! రాష్ట్ర శాఖ మాజీ అధ్యక్షుడు, దేశ హోంమంత్రిగా కూడా పనిచేసిన మాన్‌ఫ్రెడ్ కాంతర్ 2000 జనవరిలో నిధులు దాచిన సంగతి ఒప్పుకున్నారు. ఆ మరుసటి నెలలోనే పార్లమెంటు అధ్యక్షుడు, 1998 లెక్కలు తప్పుగా ఇచ్చినందుకు, ప్రభుత్వం నుంచి అందిన 4 కోట్ల 10 లక్షల మార్కులకు పైగా వెనక్కి కట్టమని పార్టీని ఆదేశించారు. దాచింది కొద్దిమంది. ఆ భారం మాత్రం పార్టీ మొత్తం మీద పడింది.

ఫ్రాన్స్‌లో అయితే సభ్యులు నేరుగా తమ డబ్బే పెట్టారు. 2012 అధ్యక్ష ఎన్నికల్లో నికొలా సర్కోజీ ప్రచార ఖర్చుల లెక్కను అధికారులు తిరస్కరించారు, ప్రభుత్వం తిరిగివ్వవలసిన దాదాపు కోటీ 10 లక్షల యూరోలు రాకుండా పోయాయి. పార్టీ మునిగిపోతోంది, ఆదుకోండని పిలుపిస్తే 2013 వేసవిలో రెండు నెలల్లోనే అభిమానులు ఆ మొత్తం సమకూర్చారు. మరుసటి ఏడాది అసలు గుట్టు బయటికొచ్చింది. పరిమితి 2 కోట్ల 25 లక్షల యూరోలైతే ఖర్చు దాదాపు దానికి రెట్టింపు. మిగతాది దొంగ బిల్లులతో పార్టీ ఖాతాలో రాసేశారు. రోజువారీ ఖర్చులు తాను చూడలేదని సర్కోజీ వాదించారు. పరిమితి దాటుతోందని లెక్కలవాళ్లు ముందే హెచ్చరించినా సభలు ఆగలేదని కోర్టు గుర్తించి 2021లో ఆయన్ని దోషిగా తేల్చింది. 2024లో అప్పీల్ కోర్టు కూడా అదే చెప్పింది. ఆ వేసవిలో తమ డబ్బు పంపినవాళ్ల గురించి తలచుకుంటే నాకు బాధేస్తుంది.

స్పెయిన్ ప్రధాని మారియానో రహోయ్ కూడా 2017లో సాక్షిగా కోర్టుకు వచ్చినప్పుడు తన బాధ్యతలు రాజకీయమైనవని, లెక్కలు తన పని కాదని అన్నారు. ఆయన పార్టీ మాజీ కోశాధికారి లూయిస్ బార్సెనాస్ చేత్తో రాసుకున్న రహస్య పద్దులు అప్పటికే పత్రికకెక్కాయి. 2018 మే 24న కోర్టు బార్సెనాస్‌కు 33 ఏళ్ల శిక్ష వేసింది, అక్రమ సొమ్ముతో లాభపడ్డందుకు పార్టీకీ 2,45,000 యూరోల జరిమానా విధించింది. రహోయ్ మీద నేరారోపణ లేదు. అయినా జూన్ 1న పార్లమెంటు అవిశ్వాస తీర్మానంతో ఆయన్ని దించేసింది. గెలిచినప్పుడు దండలన్నీ తన మెడలో వేయించుకునే నాయకుడు, లెక్క అడిగితే కోశాధికారి వైపు వేలు చూపించడం ఏం న్యాయం?

జర్మనీలో 2002లో చట్టం మార్చారు. దాచిపెట్టే ఉద్దేశంతో తప్పుడు లెక్క ఇస్తే మూడేళ్ల దాకా జైలు. వెయ్యి యూరోలకు మించి నగదు పుచ్చుకోకూడదు. లెక్కల మీద కోశాధికారితో పాటు అధ్యక్షుడూ సంతకం పెట్టాలి, అందులోది నిజమేనని ఆ సంతకంతో హామీ ఇవ్వాలి. వీటిలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచేది ఆ రెండో సంతకమే. అది ఉంటే నాకు తెలియదు అనడానికి దారుండదు.

చట్టం రాకముందే ఒకరు నోరు విప్పారు. 1999 డిసెంబరు 22న పార్టీ ప్రధాన కార్యదర్శి ఆంగెలా మెర్కెల్, పార్టీ ఇక కోల్ లేకుండా నడవడం నేర్చుకోవాలని పత్రికలో వ్యాసం రాశారు. ఆమెను రాజకీయాల్లో పైకి తెచ్చింది ఆయనే. పెద్దాయన్ని పల్లెత్తు మాట అనలేని వాతావరణంలో అది రాయడానికి ఎంత గుండె దిటవు కావాలో పార్టీల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. తర్వాత, కోల్ స్థానంలో పార్టీ అధ్యక్షుడైన వోల్ఫ్‌గాంగ్ షోయ్‌బ్లే కూడా ష్రైబర్ దగ్గర లక్ష మార్కులు తీసుకున్న సంగతి ఒప్పుకుని తప్పుకోవలసి వచ్చింది. 2000 ఏప్రిల్‌లో మెర్కెల్ పార్టీ అధ్యక్షురాలయ్యారు.

కోల్ మీద విచారణ 3 లక్షల మార్కులు కట్టించుకుని ముగించారు. 2015లో షోయ్‌బ్లే ఒక టీవీ కార్యక్రమంలో, అసలు ఆ దాతలే లేరని, అది పాత రహస్య నిధుల సొమ్మేనని అన్నారు. కోల్ 2017 జూన్ 16న కన్నుమూశారు, పేర్లు చెప్పకుండానే. దాతలు ఎవరన్నదే కాదు, ఉన్నారా లేరా అన్నది కూడా ఆ పార్టీ సభ్యులకు ఈనాటికీ తెలియదు.

నమస్కారం.