లైన్ నంబరు చెప్పండి

శ్రోతలకు నమస్కారం. నేను లెక్కల మాస్టరుగా చేసి రిటైరైనవాణ్ని. నాకిచ్చింది ఏడు నిమిషాలు. చెప్పమన్న విషయమేమో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ రాసే చోట ఆడపిల్లల మీద విసిరే మాటలు, వాటికి బదులు ఎట్ల చెప్పాల అనేది. ఇందులో నాకు తెలిసిందంతా ప్రొద్దుటూరులో ఇంజనీరింగ్ చదివే మా చెల్లెలి కూతురు పుణ్యమే.

ఓపెన్ సోర్స్ అంటే ఏందో ముందు ఒక ముక్క. మన పోరుమామిళ్ల చెరువు తెలుసు గదా, 1369 నాటి శాసనం ఉన్న చెరువు. చెరువు కట్టకు గండి పడితే ఫలానా వాళ్లే మట్టి పోయాలని ఎవరూ అనరు. తట్ట ఉన్నవాళ్లంతా దిగుతారు. ఈ సాఫ్ట్‌వేర్ కూడా అంతే. రాసింది అందరికీ కనబడేట్టు పెడతారు, తప్పు కనిపెట్టినవాళ్లు దిద్ది పంపుతారు. ఆ దిద్దిన ముక్కను ప్యాచ్ అంటారు. మన ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉండి వాటిని నడిపే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ కూడా 1991 నుంచి ఇట్ల పదిమంది చేతుల మీద పెరిగిందే.

సరే, మా పాప కథకొస్తా. తెలుగు గళ్లనుడికట్టు ఆడించే చిన్న ప్రోగ్రాం ఒకటి ఉంది. దానికి అక్షరాలు లెక్కపెట్టడం రాదు. ‘స్త్రీ’ అని కొడితే ఆరు గళ్లు ఇస్తుంది! మనకు అది ఒక్క అక్షరం. కంప్యూటర్‌కు మాత్రం స, పొల్లు, త, పొల్లు, ర, పైన గుడి దీర్ఘం, మొత్తం ఆరు. మా పాప రెండు రాత్రులు కూర్చొని దాన్ని దిద్దింది. పద్నాలుగు లైన్లు. ‘స్త్రీ’కి ఒక్క గడి వచ్చేట్టు చేసి పంపింది, తన పేరుతోనే.

మర్నాడు పొద్దున మా ఇంట్లో ఉగ్గాని తింటా ఫోను చూసింది. చూసి ప్లేటు పక్కన పెట్టేసింది. ఏందమ్మా అంటే ఫోను నా చేతికిచ్చింది. ఆ ప్రోగ్రాం రాసేవాళ్ల గుంపులో ఒకాయన రాసినాడు: ‘బాగుందే! ఎవరు రాసిచ్చినారు, అన్నయ్యా, బాయ్‌ఫ్రెండా?’ కింద వరసగా నవ్వు బొమ్మలు.

నేనేమన్నానో చెప్తా, దాచిపెట్టి లాభం లేదు. ‘పోనీలే పాపా, పట్టించుకోవద్దు’ అన్నా. ఆ పిల్ల నా మొహం చూసి, ‘పోనీలే అంటే పోవాల్సింది నేనే గదా మామా’ అనింది. ముప్పై ఏండ్లు బడిలో ఎంతమంది ఆడపిల్లలకు ఆ ‘పోనీలే’ చెప్పినానో, ఆ పూట నాకు ఉగ్గాని దిగలేదు.

ఇంకో సంగతి. మధ్యాహ్నానికి ముగ్గురు ఆమెకు విడిగా మెసేజ్ పెట్టినారు. ‘వాడంతేలే, నీ పని బాగుంది’ అని. మంచివాళ్లే. కానీ అవమానం నడివీధిలో జరిగింది, ఓదార్పు పెరట్లో దొరికింది. నడివీధిలో ఇంకా ఆ నవ్వు బొమ్మలే ఉన్నాయి.

సాయంత్రం ఒక పెద్దాయన, ఆ ప్రోగ్రాంను మొదట్నుంచీ చూసుకునేవాళ్లలో ఒకాయన, అక్కడే, అందరి ముందే రాసినాడు. ‘ఈ ప్యాచ్‌లో తప్పుంటే లైన్ నంబరు చెప్పండి. లేదంటే ఆ మాట తీసెయ్యండి.’ అంతే. అవతలాయన ‘జోక్ సార్’ అన్నాడు. పెద్దాయన, ‘సరే. లైన్ నంబరు?’

నాకు ఆ రెండు మాటలు ఎంత నచ్చినాయో! తిట్టలేదు, ఉపన్యాసం దంచలేదు. ఆడపిల్లను కాపాడుతున్నా చూడండి అని రొమ్ము విరుచుకోలేదు. మాటను మనిషి మీద నుంచి లాగి పని మీద పెట్టినాడు. లైన్ నంబరు చెప్పండి.

ఇదేదో ఒక్క పిల్ల గోడు కాదు. ఇట్లాంటి ప్రోగ్రాంలు అందరికీ కనబడేట్టు పెట్టే గిట్‌హబ్ అనే వెబ్‌సైటులో పంపిన మార్పుల మీద అమెరికా పరిశోధకులు 2017లో ఒక లెక్క అచ్చేసినారు. ఒక ప్రాజెక్టుకు కొత్తవాళ్లయిన ఆడవాళ్లు పంపినవాటిలో, పంపింది ఆడమనిషని తెలియనప్పుడు 71.8 శాతం ఒప్పుకున్నారు. తెలిసేట్టు ఉంటే 62.5. నియమాలు లేవా అంటే ఉన్నాయి. 2014లో కంట్రిబ్యూటర్ కవనెంట్ అని ఒక ప్రవర్తనా నియమావళి వచ్చింది. 2018 సెప్టెంబరులో లినక్స్ రాసేవాళ్లు దాన్ని ఆధారం చేసుకొని తమది రాసుకున్నారు. ఆ నెలలోనే లినక్స్‌ను మొదలుపెట్టిన లినస్ టోర్వాల్డ్స్ తన దురుసు మాటలకు క్షమాపణ చెప్పి కొన్నాళ్లు పక్కకు తప్పుకున్నాడు. మంచిదే. కానీ మా పాప విషయంలో ఆ నియమావళి లేచొచ్చి మాట్లాడదు గదా. ఎవరో ఒకరు నోరు తెరవాల.

కాబట్టి నేను చెప్పేది ఒక్కటే పని. అట్లాంటి మాట కంటబడితే, మాట పడిన పిల్లే బదులు చెప్పుకుంటుందిలే అని ఊరుకోవద్దు. పక్కనున్న మూడో మనిషి చెప్పాల. అదే చోట, అదే పూట, ఒక్క వాక్యం. బెదిరింపులు, అసభ్యం దాకా పోతే మటుకు వాదన పెట్టుకోవద్దు. స్క్రీన్‌షాట్ తీసి నిర్వాహకులకు పంపి, వాణ్ని బయటికి పంపమని అడగండి. అక్కడ లైన్ నంబరు పనికిరాదు.

మా పాప సంగతి మిగిలిపోయింది. ఆ మాట రెండు రోజులకు మాయమైంది. క్షమాపణ మాత్రం రాలేదు, నా లెక్కలో అది బాకీయే. మూడో రోజు రాత్రి పదింటికి ఫోను మోగింది. అంతవరకు గుంపులో నోరు మెదపని ఎవరో ప్యాచ్ అంతా చదివినారంట. ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో ట్, వే అతుక్కోకుండా మధ్యలో కంటికి కనబడని గుర్తొకటి ఉంటుంది, దాన్ని మా పాప లెక్కలోకి తీసుకోలేదంట. దీపావళికి టపాసులు తెచ్చినంత సంబరంగా అరుస్తా ఉంది: ‘మామా, తొమ్మిదో లైన్లో తప్పుందంట!’

నమస్కారం.