మిషన్లే పని చేస్తే మనుషులు ఏం తిని బతకాలి? సియాటిల్ రేవు దగ్గర నుంచి | ఎన్నారై వ్లాగ్

నమస్తే అండీ అందరికీ. పోయిన వీడియో కింద ఒక తమ్ముడు అడిగాడు, "అక్కా, అన్ని పనులూ రోబోలే చేసే రోజు వస్తే ఇంక డబ్బుతో పనేముంది, అన్నీ ఊరికే దొరుకుతాయి కదా" అని. దాని కిందే ఇంకొకరు, "ఊరికే ఎవరిస్తారు తమ్ముడూ, ముందు నీ ఉద్యోగం ఉంటుందో పోతుందో చూసుకో" అని రాశారు. ఇద్దరి మాటా మనసులో ఉండిపోయింది. అందుకే ఈ రోజు వంటలు, షాపింగ్ పక్కన పెట్టి ఈ ఒక్క విషయం మీదే మాట్లాడదాం. మా ఊరి చుట్టూనే దీనికి చూపించదగ్గ చోట్లు బోలెడు ఉన్నాయి.

మేముండేది అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రంలోని కెంట్. సియాటిల్‌కి దక్షిణాన ఉంటుంది. ఇదిగో ఈ రోడ్డు పొడవునా కనిపిస్తున్నవన్నీ వేర్‌హౌస్‌లే. ఒకప్పుడు ఈ లోయంతా కూరగాయల తోటలు, పాడి పశువులు. ఇక్కడి అమెజాన్ వేర్‌హౌస్‌ని మామూలు జనానికి కూడా తిప్పి చూపిస్తారు, అలా నేనూ వెళ్ళి చూశాను. లోపలి వీడియో నా దగ్గర లేదు, నోటితోనే చెప్తాను. నేలకి అంటుకున్నట్టుండే పొట్టి రోబోలు మనిషికంటే ఎత్తున్న అరల బీరువా కిందికి దూరి, దాన్ని పైకెత్తి, పనిచేసే మనిషి ముందుకి తెచ్చి నిలబెడతాయి. ఆయన అందులోంచి ఒక్క వస్తువు తీసుకోగానే అది వెళ్ళిపోతుంది, వెనకాలే ఇంకోటి సిద్ధం. అంతకుముందు ఆ మనిషే అరల మధ్య రోజంతా మైళ్ళకు మైళ్ళు నడిచేవాడు. ఈ రోబోలు తయారుచేసే కీవా అనే కంపెనీని అమెజాన్ 2012లో 77.5 కోట్ల డాలర్లకి కొన్నది. తన గోదాముల్లో పెట్టిన రోబోల సంఖ్య పది లక్షలకి చేరిందని 2025లో ప్రకటించింది.

నడక తప్పడం మంచిదే, కాళ్ళ నొప్పులు తగ్గుతాయి, నేను కాదనను. కానీ అక్కడ నిలబడి చూస్తుంటే నాకొకటి తట్టింది. రోబో వచ్చింది కదా అని ఆ మనిషిని రెండు గంటలు ముందుగా ఇంటికి పంపడం లేదు. అదే షిఫ్టు, అంతకంటే ఎక్కువ వస్తువులు. మిగిలిన టైమ్ ఎవరి ఖాతాలోకి పోయింది? ఈ ప్రశ్న తెగకుండా డబ్బు లేని లోకం గురించి ఎంత కలగన్నా లాభం లేదనిపిస్తుంది నాకు.

ఇక మన సాఫ్ట్‌వేర్ వాళ్ళ సంగతి. గోదాముల వాళ్ళకి వచ్చిన టెన్షన్ ఇప్పుడు ఆఫీసుల్లోకీ వచ్చింది. మైక్రోసాఫ్ట్ ఒక్కటే 2025 మే, జులై నెలల్లో కలిపి దాదాపు 15,000 మందిని తీసేస్తున్నట్టు చెప్పింది. అన్నీ ఏఐ వల్లే అని నేను అనను, ఖర్చు తగ్గించుకోవడం ఉంది, కరోనా టైమ్‌లో ఎడాపెడా చేర్చుకోవడం కూడా ఉంది. మాకు తెలిసిన ఒక కుటుంబంలో ఆయన ఉద్యోగం పోయింది. కంపెనీ పేరు అనవసరం. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళకి మామూలుగా 60 రోజుల గడువు, ఆలోపు ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వీసా మార్చుకోవాలి, అదీ కాకపోతే పెట్టేబేడా సర్దుకోవాలి. ఈలోగా కారు తోలుకుని నాలుగు డాలర్లు సంపాదిద్దామన్నా చట్టం ఒప్పుకోదు. చేతిలో పని తెలుసు, చేసే ఓపిక ఉంది, అయినా ఖాళీగా కూర్చోవాలి. ఆ ఇంట్లో బాబుకి చలికోటు, స్కూల్ బ్యాగు, వాళ్ళావిడకి కుట్టుమిషన్ అన్నీ ఒక్క డాలర్ పెట్టకుండా వచ్చాయి. ఎలాగో చెప్తాను.

ఇక్కడ "బై నథింగ్" అని వాడకట్టు గ్రూపులు ఉంటాయి. మన దగ్గర ఎక్కువైంది పెట్టొచ్చు, మనకి కావలసింది అడగొచ్చు, థాంక్స్ చెప్పొచ్చు. అమ్మకూడదు. "నువ్వు అదిస్తే నేను ఇదిస్తా" అనే మార్పిడి కూడా కుదరదు. ఇది పుట్టింది మా పక్కనే, సియాటిల్ నుంచి ఫెర్రీలో నీళ్ళు దాటితే వచ్చే బైన్‌బ్రిడ్జ్ ద్వీపంలో. 2013లో రెబెకా రాక్‌ఫెల్లర్, లీసెల్ క్లార్క్ అనే ఇద్దరు మొదలుపెట్టారు. లీసెల్ గారు నేపాల్‌లోని ముస్తాంగ్ ప్రాంతపు ఊళ్ళలో పనిచేస్తున్నప్పుడు, అక్కడివాళ్ళు ఉన్నదాన్ని డబ్బు మాటే లేకుండా సర్దుకుని వాడుకోవడం చూశారట. ఇప్పుడీ గ్రూపులు చాలా దేశాల్లో నడుస్తున్నాయి. మా గ్రూపులో నేను చూసినంతలో ఇచ్చేవాళ్ళకే తొందర ఎక్కువ, ఊయల దగ్గర నుంచి నిమ్మచెట్టు కుండీ దాకా పెట్టిన గంటలోనే వెళ్ళిపోతాయి. కానీ ఇంటి అద్దె ఎవరూ పెట్టరు, షుగర్ మందు కూడా. ఆ కుటుంబానికి కోటు ఊరికే దొరికింది, అద్దెకి మాత్రం ఇండియాలో ఉన్న బంగారం కుదువపెట్టారు. మిగిలిపోయినది పంచుకోవడం ఈ జనానికి బాగా వచ్చు. నేల, కరెంటు, ఆసుపత్రి, మిషన్, వీటి దగ్గరికి వచ్చేసరికి అంతా డబ్బే.

సరే, పదండి, ఇప్పుడు మనం వెస్ట్ సియాటిల్ వచ్చాం. ఇది జాక్ బ్లాక్ పార్క్. ఈ జాక్ బ్లాక్ అనే ఆయన రేవులో పనిచేసిన కార్మికుడు, తర్వాత ఈ పోర్టుకే కమిషనర్ అయ్యాడు. కెమెరా అటు తిప్పుతున్నాను చూడండి, ఆ పెద్ద క్రేన్లు, ఓడ మీద రంగురంగుల కంటైనర్లు, వెనకాల డౌన్‌టౌన్. గాలి శబ్దం వస్తోంది, కొంచెం సర్దుకోండి.

ఈ పేటలోనే 1931లో ఒక సంగతి జరిగింది. అది తెలిసినప్పటి నుంచి కనబడినవాళ్ళందరికీ చెప్తున్నాను. అప్పుడు పెద్ద మాంద్యం. మిల్లులు మూతపడ్డాయి, ఓడలు రావడం లేదు, మగవాళ్ళు రోడ్ల మీద ఖాళీగా తిరుగుతున్నారు. అటు కొండలు దాటితే యాకిమా లోయలో ఆపిల్, పియర్ తోటలు విరగకాశాయి, కానీ ధర కోత కూలీకి కూడా సరిపోకపోవడంతో రైతులు చెట్టు మీదే వదిలేశారు. ఇక్కడ జాలర్ల పడవలు ఒడ్డున ఊరికే పడున్నాయి. అడవిలో కట్టెలకి లెక్కే లేదు. ఆకలితో ఉన్న మనుషులు, కుళ్ళిపోతున్న పళ్ళు, ఖాళీ చేతులు అన్నీ ఒకే రాష్ట్రంలో ఉన్నాయి. వీటిని కలిపే డబ్బు ఒక్కటే లేదు.

అప్పుడు ఇక్కడ "అనెంప్లాయ్‌డ్ సిటిజన్స్ లీగ్" అని పెట్టుకున్నారు. సియాటిల్ లేబర్ కాలేజీలో పనిచేసే హ్యూలెట్ వెల్స్, కార్ల్ బ్రానిన్ ముందు నడిపించారు. రైతులని అడిగి మిగిలిన పంట కోసుకొచ్చారు, పడవలు అడిగి తీసుకుని చేపలు పట్టారు, కట్టెలు కొట్టారు, పేటపేటకీ ఒక గోదాము పెట్టి పంచుకున్నారు. మంగలి జుట్టు కత్తిరిస్తే, చెప్పులు కుట్టేవాడు చెప్పులు కుట్టాడు, వడ్రంగి పైకప్పు బాగుచేశాడు. కొన్ని నెలల్లోనే వేల కుటుంబాలు చేరాయి. జనం దీన్ని చిల్లిగవ్వ లేనివాళ్ళ రిపబ్లిక్ అన్నారు.

ఎంతకాలం నడిచింది అంటారా? ఎక్కువ కాలం కాదు. పంట అయిపోయింది, చలికాలంలో నిల్వలు కరిగిపోయాయి, ప్రభుత్వ సాయం తీసుకోక తప్పలేదు, ఆ సాయం ఎవరి చేతుల మీదుగా పంచాలి అనే దగ్గర రాజకీయాలు చొరబడ్డాయి. అయినా నేను దీన్ని ఓడిపోయిన కథ అనుకోను. తోట వాళ్ళది కాదు, పడవ వాళ్ళది కాదు, అడవి వాళ్ళది కాదు, మిగిలింది మాత్రమే వాళ్ళకి దక్కింది. అంతలోనే ఇంతమందికి అన్నం పెట్టారు కదా!

రెండో కథ ఇదిగో ఈ క్రేన్ల కిందది. అమెరికా పడమటి తీరంలో చాలా రేవుల్లో 1934కి ముందు కార్మికులు పొద్దున్నే వచ్చి నిలబడితే మేస్త్రీ వేలు చూపించినవాడికే పని, అచ్చంగా మన హైదరాబాద్ కూలీల అడ్డా లాగే. ఆ ఏడాది పెద్ద సమ్మె చేసి, పనిని వంతులవారీగా పంచే హైరింగ్ హాలు సాధించుకున్నారు. తర్వాత కంటైనర్లు వచ్చాయి. బస్తా బస్తా మోసే పనిని క్రేన్ మింగేస్తుందని అందరికీ తెలిసిపోయింది. 1960లో వాళ్ళ యూనియన్ ఐఎల్‌డబ్ల్యూయూ, నాయకుడు హ్యారీ బ్రిడ్జెస్, యజమానులతో ఒక ఒప్పందం చేసుకున్నారు: మిషన్లు తెచ్చుకోండి, మేం అడ్డుపడం, కానీ మా పర్మినెంట్ వాళ్ళలో ఒక్కడినీ తీసేయకూడదు, మిషన్ వల్ల మిగిలే డబ్బులో మాకు వాటా కావాలి. యజమానులు ఏడాదికి 50 లక్షల డాలర్లు ఒక నిధిలో వేశారు. ముందుగా రిటైర్ అయ్యేవాళ్ళకి అందులోంచి డబ్బిచ్చారు, పని తగ్గినప్పుడు జీతానికి హామీ ఇచ్చారు.

దీనిలో లోపం కూడా చెప్పాలి. పర్మినెంట్ కానివాళ్ళకి ఆ హామీ అందలేదు. కంటైనర్లు ఊహించిన దానికంటే వేగంగా పెరిగాయి, 1971లో ఈ తీరమంతా మళ్ళీ నెలల తరబడి సమ్మె జరిగింది. ఇప్పుడు కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్ రేవులో ఒక టెర్మినల్‌లో డ్రైవర్ లేని బండ్లే కంటైనర్లు మోస్తున్నాయి. కానీ 1960లో వాళ్ళు అడిగింది చూడండి, మిషన్ వద్దు అనలేదు, మిషన్ లాభంలో మాకెంత అని అడిగారు. మన సాఫ్ట్‌వేర్‌లో ఏఐ వాడమని ట్రైనింగ్ ఇస్తుంటే, పక్కవాడికంటే ముందు నేర్చేసుకోవాలని మనం పరుగెడుతున్నాం తప్ప, దీనివల్ల మిగిలే గంటలు ఎవరివి అని ఎప్పుడైనా ఒక్కరం అడిగామా?

వచ్చేదారిలో నాన్నకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. మాది సూర్యాపేట దగ్గర పల్లె. ఆయన మొత్తం విని, "డబ్బు లేకుండా మన ఊళ్ళోనూ నడిచింది బిడ్డా, దొర గడిలో మా తాత వెట్టి చేసిండు, పైస ఇచ్చిన్రా?" అన్నారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. నిజమే కదా. కల్లంలో వడ్లు కొలిచి ఇస్తే ఏడాదంతా బట్టలు ఉతకాలి, కుండలు చెయ్యాలి, చెప్పులు కుట్టాలి, పిలిస్తే పరుగెత్తాలి. ఎంత కొలవాలో, ఎవరికి కొలవాలో పుట్టిన కులాన్ని బట్టి పైవాళ్ళే తేల్చారు. గడిలో పనికైతే ఆ కొలత కూడా లేదు. ఆ వెట్టి మీదే అప్పటి మన నల్గొండ జిల్లాలో జనం తిరగబడ్డారు, 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణం పోయింది. మా నానమ్మకి మొదటిసారి కూలి రూపాయల్లో చేతికొచ్చినప్పుడు, ఆ డబ్బుతో ఏ కొట్టుకైనా వెళ్ళొచ్చు, ఎవరికీ దండం పెట్టక్కర్లేదు అని ఎంత సంబరపడిందో నాన్న చెప్తుంటారు. అందుకే డబ్బు పోతే చాలు అందరూ సమానమే అనే మాట నేను నమ్మను. నేల ఎవరిదో, మిషన్ ఎవరిదో, వాటా ఎవరు తేలుస్తారో మారకుండా డబ్బు ఒక్కటే తీసేస్తే మళ్ళీ గడే వస్తుంది, ఈసారి దానికి యాప్ ఉంటుంది.

మా పొలంలో ఇప్పుడు కోత అంతా మిషనే, ఎకరం గంటలో అయిపోతుంది. నాట్లకి మాత్రం మనుషులే కావాలి, దానికి బిహార్ నుంచి మగవాళ్ళు వస్తున్నారట. ఒకప్పుడు కొడవలి పట్టుకుని పాటలు పాడుతూ మా చేలోకి వచ్చిన అత్తలు, పిన్నులు ఇప్పుడు ఏం పని చేస్తున్నారు అని అడిగితే, కొందరు సూర్యాపేటలో ఇళ్ళలో పనికి, కొందరు పత్తి ఏరడానికి పోతున్నారు అన్నారు నాన్న. మిషన్ పక్కూరి ఆసామిదట, గంటకింత అని అద్దె. కొన్ని చోట్ల మహిళా సంఘాలే ట్రాక్టర్లు, మిషన్లు పెట్టుకుని అద్దెకిస్తున్నాయి. ఆ అద్దె డబ్బు సంఘం ఆడవాళ్ళకే వస్తుంది కదా, నాకు అది చాలా నచ్చింది.

కాబట్టి మీ నుంచి నాకు ఇది కావాలి. మీ ఊళ్ళో వరికోత మిషన్ ఎవరిది, గంటకి అద్దె ఎంత, దానికి ముందు కోతకి వెళ్ళినవాళ్ళు ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఈ మూడూ కామెంట్‌లో రాయండి. మిషన్ నడుపుతున్న మహిళా సంఘం మీకు తెలిసుంటే తప్పకుండా చెప్పండి, ఈసారి ఇండియా వచ్చినప్పుడు వాళ్ళ దగ్గరికే వెళ్ళి వీడియో చేస్తాను, లెక్కల పుస్తకంతో సహా చూపించమని అడుగుతాను.