కీలు పొర చెప్పిన సంగతి: రవీందర్ మైనీ పరిశోధనా జీవితం

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, వైద్య విద్యార్థులకు నమస్కారం.

మన విశాఖపట్నంలో కీళ్లు పట్టేసిన మనిషికి ఇరుగుపొరుగు వారు మొదట చెప్పేది సముద్రపు గాలి పడలేదని. భీమిలి నుంచి నా దగ్గరకు వచ్చే ఒక గృహిణి ఆ మాట నమ్మి రెండేళ్లు పుట్టింట్లో ఉండి వచ్చారు. పొద్దున్న లేచాక గంటన్నర దాకా ఆమెకు పిడికిలి బిగిసేది కాదు. కుక్కరు మూత తిప్పడానికి కొడుకును నిద్ర లేపేవారు. రెండు చేతుల వేలి కణుపులూ ఒకే తీరున వాచి, నొక్కితే మెత్తగా తగిలేవి. అది గాలి తెచ్చిన జబ్బు కాదు, రుమటాయిడ్ ఆర్థ్రైటిస్. మనల్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద తిరగబడడం. దీని వైద్యాన్ని మార్చినవారిలో సర్ రవీందర్ మైనీ ఒకరు.

ఆయన 1937లో లుధియానాలో పుట్టి, ఉగాండాలో పెరిగి, కేంబ్రిడ్జిలో చదివారు. తెల్లరక్తకణాలు తమలో తాము కబురు పంపుకోవడానికి విడిచే పదార్థాల మీద 1960ల చివరినాటికే పనిచేశారు. వాటికి సైటోకైన్లు అన్న పేరు తరువాత స్థిరపడింది. అప్పట్లో లండన్‌లో ఉన్న కెన్నెడీ రుమటాలజీ (కీళ్ల జబ్బుల వైద్యం) సంస్థ ఆయన కార్యక్షేత్రం. ఆస్ట్రేలియాలో చదువుకున్న ఇమ్యునాలజిస్టు, అంటే రోగనిరోధక శాస్త్రజ్ఞుడు, మార్క్ ఫెల్డ్‌మన్ 1980లలో ఆయనకు తోడయ్యారు. ఒకరు రోగులను చూసే వైద్యులు, మరొకరు కణాలను చదివిన శాస్త్రవేత్త. ఈ జంట కుదరకపోతే తరువాతి కథ ఇంత సూటిగా నడిచేది కాదని నా నమ్మకం.

అప్పటి చిక్కు ఇది. వాచిన కీలులో ఎన్నో సైటోకైన్లు ఒకేసారి కనిపిస్తాయి. ఒకదాన్ని ఆపితే మిగతావి ఆ పని చేసేస్తాయి కాబట్టి ప్రయోజనం లేదని చాలామంది అనుకునేవారు. మైనీ బృందం సమాధానం కోసం రోగి కీలునే అడిగింది. శస్త్రచికిత్సలో తీసిన కీలు పొర కణాలను గాజు పాత్రలో బతికించి చూస్తే, అవి ఎవరూ రెచ్చగొట్టకుండానే రోజుల తరబడి సైటోకైన్లను తయారుచేస్తూనే ఉన్నాయి. అందులో టీఎన్‌ఎఫ్ (ట్యూమర్ నెక్రోసిస్ ఫ్యాక్టర్) అనే ఒక సైటోకైన్‌ను పట్టి ఆపే ప్రతిరక్షకాన్ని, అంటే యాంటీబాడీని, కలిపితే, ఇంటర్‌ల్యూకిన్-1 అనే మరో సైటోకైన్ ఉత్పత్తి కూడా పడిపోయింది. బృందంలోని ఫియోనులా బ్రెన్నన్ ముందుండి చేసిన ఈ పని 1989లో వెలువడింది. వీధిలో ప్రతి ఇంటి కుళాయినీ కట్టనక్కర లేదు, వీధి మొదట్లోని వాల్వు ఏదో తెలిస్తే చాలునన్నమాట. ఆ వాల్వు టీఎన్‌ఎఫ్.

1992లో లండన్ ఛేరింగ్ క్రాస్ ఆసుపత్రిలో రోగులకు మందు ఎక్కించడం మొదలైంది. టీఎన్‌ఎఫ్‌ను ఆపడానికి వాడిన ప్రతిరక్షకం కొంత ఎలుకది, కొంత మనిషిది. ఇప్పుడు ఇన్‌ఫ్లిక్సిమాబ్ అంటున్నాం. తొలి ఇరవైమందికీ ఉపశమనం కలిగింది, కానీ మందు ఆగాక వాపు తిరిగి వచ్చింది. ఏది మందో ఏది ఉత్త ద్రవమో రోగికి తెలియకుండా 73 మంది మీద జరిపిన పరీక్ష 1994లో అచ్చయింది: నాలుగు వారాలకు పెద్ద మోతాదు తీసుకున్న 24 మందిలో 19 మందికి గుణం కనిపిస్తే, ఉత్త ద్రవం తీసుకున్న 24 మందిలో ఇద్దరికే కనిపించింది. 2003లో మైనీ, ఫెల్డ్‌మన్‌లకు వైద్య పరిశోధనకిచ్చే లాస్కర్ పురస్కారం దక్కింది.

ఎలుక భాగం ఉన్నందున శరీరం ఆ మందు మీదే ప్రతిరక్షకాలు తయారుచేసుకునేది. రోగనిరోధక వ్యవస్థ జోరును తగ్గించే మెథోట్రెక్సేట్ అనే మందును తక్కువ మోతాదులో జోడిస్తే ఆ బెడద తగ్గి, గుణం ఎక్కువకాలం నిలిచిందని 1998లో మైనీ బృందమే చూపింది. ఆ మెథోట్రెక్సేట్ పుట్టింది మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీలో నడిపిన పరిశోధనల నుంచే. 1948లో కన్నుమూసిన ఆయన, తన మందు కీళ్లవాతానికి ఆధారమవడం చూడలేదు.

విద్యార్థులకు ఒక హెచ్చరిక. క్షయ క్రిములను ఊపిరితిత్తుల్లో గోడ కట్టి బంధించేదీ టీఎన్‌ఎఫే. దాన్ని ఆపితే నిద్రాణంగా ఉన్న క్షయ లేస్తుంది. మన దేశంలో ఎక్స్‌రే, క్షయ పరీక్ష చూడకుండా ఈ సూది వేయరాదు.

భీమిలి ఆవిడకు సూది దాకా వెళ్లవలసిన అవసరం రాలేదు, మెథోట్రెక్సేట్‌తోనే కుదుటపడ్డారు. అయితే వారానికొకసారి వేసుకోవలసిన ఆ మాత్రను ఎవరో రోజూ వేసుకోమన్నారట. నాలుగో రోజున నోరంతా పుండ్లతో వచ్చారు. అప్పటినుంచి నేను చీటీ మీద ‘ఆదివారం మాత్రమే’ అని పెద్ద అక్షరాలతో రాసి, చుట్టూ ఎర్ర సిరాతో గీత గీసి, ఇంట్లో చదువు వచ్చినవారిచేత ఒకసారి పైకి చదివించాకే పంపుతున్నాను.