ఆడియో సెట్టింగుల చిరునామా

మిత్రులారా,

లినక్స్‌లో పాట రికార్డు చేసేవారిని ముందుగా వేధించేది ఆలస్యం. పాడిన గొంతు హెడ్‌ఫోన్‌లో కాస్త ఆగి వినిపిస్తుంది. ప్రోగ్రాములకూ ఆడియో పరికరాలకూ మధ్య శబ్దాన్ని నడిపే పైప్‌వైర్ మామూలుగా విడతకు 1024 శాంపిళ్లు, అంటే శబ్దపు కొలతలు, తీసుకుంటుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల లెక్కన ఒక్కో విడతకే సుమారు 21 మిల్లీసెకన్లు. 256కు తగ్గిస్తే అది ఐదు మిల్లీసెకన్ల పైచిలుకు. మార్చాల్సింది ఒక్క అంకె. ఎక్కడ మార్చాలన్నదే ఈ రోజు నా విషయం.

చాలామంది యూఎస్ఆర్ షేర్ అనే డైరెక్టరీ కింద ఉన్న పైప్‌వైర్ అసలు సెట్టింగుల ఫైలునే తెరిచి దిద్దుతారు. ఆ పూటకు పని జరిగిపోతుంది. కానీ ఆ చోటు ప్రోగ్రామును మోసుకొచ్చే ప్యాకేజీది. తర్వాతి అప్‌డేట్ వచ్చి మన మార్పును తుడిచిపెడుతుంది. ఇంకొందరు ఆ ఫైలు మొత్తాన్నీ తమ సొంత ఫైళ్లుండే హోం డైరెక్టరీలోకి కాపీ చేసుకుంటారు. ఈ చిక్కు మరీ లోతైనది, ఎందుకంటే వెంటనే బయటపడదు. పైప్‌వైర్ ముందు హోంలో, తర్వాత యంత్రమంతటి సెట్టింగులుండే ఈటీసీలో, ఆఖరున యూఎస్ఆర్ షేర్‌లో వెతికి, మొదట దొరికిన ప్రధాన ఫైలునే చదువుతుంది. ఇక ఆ ఫైలులో తయారీదారులు చేసే సవరణలేవీ మీ దాకా రావు.

సరైన దారి ఇది: హోంలోని డాట్ కాన్ఫిగ్‌లో పైప్‌వైర్ పేరుతో ఒక డైరెక్టరీ, దాని లోపల పైప్‌వైర్ డాట్ కాన్ఫ్ డాట్ డి అనే మరో డైరెక్టరీ పెట్టుకోండి. అందులో మూడు వరుసల చిన్న ఫైలు చాలు, పేరు డాట్ కాన్ఫ్‌తో ముగిస్తే సరి. అసలు ఫైలు దాని చోటనే ఉంటుంది, మీ అంకె దాని మీద అమలవుతుంది. ఒకే యంత్రాన్ని పదిమంది వాడే స్టూడియోలో అయితే ఇదే ఫైలును ఈటీసీ కింద పెట్టాలి. అది నిర్వాహకుడి నిర్ణయం. సౌండ్ కార్డులను నడిపే ఆల్సాలోనూ అంతే: అందరికీ ఈటీసీలో ఏసౌండ్ డాట్ కాన్ఫ్, ఒక్కరికైతే హోంలో డాట్ ఏసౌండ్ఆర్‌సీ.

నేను గట్టిగా పట్టుబట్టేది మరొకటుంది. వాల్యూమ్ ఎంత పెట్టారు, ఏ స్పీకరు ఎంచుకున్నారు అన్నవి మీరు రాసిన సెట్టింగులు కావు, ప్రోగ్రాము గుర్తుపెట్టుకున్న సంగతులు. ఈటీసీలో ఉండేవి తమంతట తాము మారని ఫైళ్లే కావాలని, ఏ ఫైలు ఎక్కడుండాలో నిర్దేశించే ఫైల్‌సిస్టమ్ ప్రమాణం చెబుతుంది. ఒకప్పుడు ఈటీసీలోనే ఉండే ఆల్సా వాల్యూమ్ వివరాలు, ప్రోగ్రాములు గుర్తుపెట్టుకునేవి దాచే వార్ లిబ్ డైరెక్టరీకి మారడం నా దృష్టిలో ఎంతో మంచి నిర్ణయం. హోంలో ఏ రకం ఫైలు ఎక్కడుండాలో చెప్పే ఎక్స్‌డీజీ ప్రమాణం కూడా 2021లో ఇలాంటి వాటికి హోంలో డాట్ లోకల్ కింద స్టేట్ అనే చోటు కేటాయించింది. పైప్‌వైర్‌లో ఏ శబ్దం ఏ పరికరానికి వెళ్లాలో చూసుకునే వైర్‌ప్లంబర్ దాన్నే వాడుతుంది. శబ్దం తప్పు పరికరానికి వెళ్తూ మొండికేస్తే, వైర్‌ప్లంబర్‌ను ఆపి, అక్కడ దాని డైరెక్టరీని తొలగించి మళ్లీ ప్రారంభించండి. మీరు చేత్తో రాసుకున్నవి చెక్కుచెదరవు.