ఒక చుక్క, ఒక స్లయిడర్: కదిలే గ్రాఫులపై చర్చ

వ్యాఖ్యాత: మేడమ్, తరగతిలో కదిలే గ్రాఫు చూపించాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

గణాంకశాస్త్ర అధ్యాపకురాలు: ఒకే ఒక్క ప్రశ్నతో అండీ: ఒక్క చుక్క జరిగితే గీత ఎంత మారుతుంది? గణాంకవేత్త యాన్స్‌కోంబ్ 1973లో ఇచ్చిన నాలుగు డేటాసెట్లలో మూడోది తీసుకోండి. మొత్తం 11 చుక్కలు. పది దాదాపు ఒకే గీత మీద ఉంటాయి. ఎక్స్ విలువ 13 దగ్గరున్న చుక్క మాత్రం 12.74 ఎత్తున విడిగా ఉంటుంది. దాని వల్లే రిగ్రెషన్ గీత (చుక్కలన్నిటికీ వీలైనంత దగ్గరగా వెళ్లే గీత) వాలు 0.5 వస్తుంది. స్లయిడర్‌తో ఆ చుక్కను 8.5 దాకా దించండి, వాలు 0.35కి పడిపోయి గీత వచ్చి మిగతా పదింటి మీద కూర్చుంటుంది. ఔట్‌లయర్, అంటే ఇలా గుంపుకు దూరంగా ఉన్న చుక్క, ఏం చేస్తుందో పిల్లలకు కళ్లకు కట్టినట్టుంటుంది.

వ్యాఖ్యాత: తయారీలో ఎక్కడ దెబ్బతింటాం?

సాఫ్ట్‌వేర్ ఇంజనీరు: అక్షాల దగ్గర. గ్రాఫులు గీసే చాలా లైబ్రరీలు (రెడీమేడ్ కోడ్) డేటా మారినప్పుడల్లా స్కేలును వాటంతటవే సర్దేస్తాయి. చుక్క దిగుతుంటే అక్షమూ కుదించుకుపోతుంది. దాంతో చుక్క ఉన్నచోటే ఉండి, మిగతావి పైకి లేస్తున్నట్టు కనిపిస్తుంది. చెప్పదలచుకున్నదానికి పూర్తిగా తలకిందులు! నిలువు అక్షాన్ని 4 నుంచి 14కి ముందే బిగించేయాలి.

అధ్యాపకురాలు: పాత గీతను కూడా లేత బూడిద రంగులో ఉంచాలి. ముందెక్కడుందో కనిపిస్తేనే ఎంత కదిలిందో తెలిసేది.

వ్యాఖ్యాత: ఆర్ భాషలో వెబ్ యాప్‌లు చేసే షైనీలో సులువంటారు కదా?

ఇంజనీరు: ఆర్ వచ్చినవాళ్లకు సులువే. కానీ మామూలుగా లెక్కంతా సర్వర్‌లో జరుగుతుంది, ఒక ఆర్ ప్రాసెస్ ఒకసారి ఒక పనే చేస్తుంది. 60 మంది ఒకేసారి స్లయిడర్ లాగితే అందరూ వరుసలో ఆగాల్సిందే. 250 మిల్లీసెకన్ల డీబౌన్స్ పెడితే చెయ్యి ఆగాకే లెక్క మొదలవుతుంది, కాస్త తెరిపి. అసలు 11 చుక్కలకు సర్వర్ ఎందుకండీ? బ్రౌజర్‌లోనే అయిపోతుంది. డీ3 అనే జావాస్క్రిప్ట్ గ్రాఫుల లైబ్రరీని లింకుగా కాకుండా హెచ్‌టీఎంఎల్ ఫైల్లోనే అతికించేస్తే, నెట్ లేని ల్యాబ్‌లో పెన్‌డ్రైవ్ నుంచి తెరిచినా నడుస్తుంది.

వ్యాఖ్యాత: తెలుగు లేబుళ్లు?

ఇంజనీరు: పైథాన్ గ్రాఫుల లైబ్రరీ మ్యాట్‌ప్లాట్‌లిబ్ పాత వెర్షన్లలో తెలుగు ఫాంటు పెట్టినా ఒత్తులు విడిపోతాయి, "ఉష్ణోగ్రత" కాస్తా "ఉష్‌ణోగ్‌రత" అవుతుంది. బ్రౌజర్‌లో బొమ్మలు గీసే ఫార్మాట్ ఎస్‌వీజీలో టెక్స్ట్‌గా రాస్తే అక్షరాలను బ్రౌజరే సరిగ్గా కూర్చుతుంది.

వ్యాఖ్యాత: మరి పరిశోధనకు?

అధ్యాపకురాలు: స్లయిడర్ స్థానం, ఫిల్టర్లు యూఆర్ఎల్‌లో చేరాలి. లింకు పంపితే అవతలివాళ్లకు మనం చూసిన గ్రాఫే తెరుచుకోవాలి. ఇది లేని పరికరాన్ని నేను పరిశోధనకు సిఫారసు చేయను.

ఇంజనీరు: చుక్కలు వేలల్లోకి వెళ్తే ఎస్‌వీజీ మొరాయిస్తుంది, ఒక్కో చుక్కా ఒక్కో ఎలిమెంటు కదా. అప్పుడు చుక్కలన్నిటినీ ఒకే బొమ్మగా గీసే క్యాన్వాస్‌కు మారాలి. అయితే మౌస్ ఏ చుక్క మీదుందో మనమే వెతుక్కోవాలి. అందుకు కావలసిన క్వాడ్‌ట్రీ (దగ్గరి చుక్కను త్వరగా వెతికే పద్ధతి) డీ3లోనే ఉంది.