విముక్తి చికిత్స గొడవలో తప్పు రోగులది కాదు!

కెనడాను కుదిపేసిన ఆ ‘విముక్తి చికిత్స’ రభస మీకు గుర్తుండే ఉంటుంది. మెదడు, వెన్నుపాము నరాలను దెబ్బతీసే మల్టిపుల్ స్క్లెరోసిస్ జబ్బుకు మూలం మెడ సిరల ఇరుకేనని, బెలూన్‌తో వాటిని వెడల్పు చేయడమే ఈ ‘విముక్తి’ అని ఇటలీ వైద్యుడు పావోలో జాంబోని అన్నారు. 2009లో ఆ కథనం కెనడా టీవీలో వచ్చిందో లేదో, రోగులు పోలండ్‌కు, మెక్సికోకు, చివరికి మన దేశానికి కూడా విమానాలెక్కారు. లోకమంతా వాళ్లనే తిట్టింది, ఆశపోతులని! నేను ఒప్పుకోను. వాళ్లను విమానం ఎక్కించింది డాక్టర్ల మౌనం. మళ్లీ చెబుతున్నాను, డాక్టర్ల మౌనం!

గజ్జ దగ్గర సిరలోకి సన్నటి గొట్టం దూర్చి, మెడ దాకా పంపి, ఇరుకైన చోట బెలూన్ ఉబ్బిస్తారు. చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది. మరి ఇటువైపు మామూలు న్యూరాలజిస్టులు (నరాల డాక్టర్లు) చెప్పిందేమిటి? “రోగనిరోధక వ్యవస్థే మీ నరాల పైపొరను తినేస్తోంది, పూర్తిగా నయం కాదు, ఇంజెక్షన్లు వాడండి.” అంతే, తర్వాతి పేషెంటు! గోడ పట్టుకుని నడిచే మనిషి ఏ మాట నమ్ముతుంది?

డాక్టర్లు ఒక్క ముక్క ముందే విడమరచి చెప్పాల్సింది. చాలామందిలో ఈ జబ్బు వస్తూ పోతూ ఉంటుంది. ఒక కన్ను మసకబారుతుంది, కొన్ని వారాలకు చాలావరకు దానంతటదే తేరుకుంటుంది. సరిగ్గా అప్పుడు బెలూన్ పెట్టినా, తాయెత్తు కట్టినా పేరు దానికే! మన పసరు మందుల కీర్తి సగం ఇలా సంపాదించినదే. ఆ పురాణం ఇంకో రోజు విప్పుతాను.

చివరికి కెనడాలో 104 మందిపై పరీక్ష చేశారు. దాదాపు సగం మందికి అసలు బెలూన్, మిగతావాళ్లకు ఉత్తుత్తి తంతు. ఏడాది తర్వాత చూస్తే తేడా లేదు. 2017 మార్చిలో ఆ ఫలితం బయటపడింది. జాంబోని తానే నడిపిన ఇటలీ పరీక్ష కూడా అదే ఏడాది అదే తేల్చింది.

ఒళ్లు మండే విషయం ఇప్పుడు వినండి. అదే మార్చిలో అమెరికా ఈ జబ్బుకు ఓక్రెలిజుమాబ్ అనే మందుకు అనుమతి ఇచ్చింది. మొదటి నుంచీ ఆగకుండా ముదిరే రకానికి అక్కడ అనుమతి పొందిన తొలి మందు అది! బెలూన్‌కు దక్కిన ప్రచారంలో పదో వంతైనా దానికి దక్కిందా?

అందుకే, డాక్టరుగారు ఎమ్మారై ఫిల్ము వెలుగులో పెట్టి జబ్బు వదిలిన ఆ తెల్ల మచ్చలేమిటో మీ భాషలో చెప్పేదాకా కుర్చీలోంచి లేవకండి. నా మాట తప్పనే న్యూరాలజిస్టులు ఎవరైనా ఉంటే, ఇదే ఛానల్‌లో వాదనకు రండి, కుర్చీ వేసి ఉంచాను!