జాంబీలు సరే, నీళ్లు మోసేదెవరు? | కొత్త సర్వైవల్ గేమ్ రివ్యూ

అందరికీ నమస్తే. ముందే చెప్పేస్తున్నా, ఈ గేమ్ ఆడటానికి కావాల్సిన కోడ్ (కీ) డెవలపర్లే ఫ్రీగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వీడియో ముందుగా చూపించమనీ అడగలేదు. గ్రాఫిక్స్, ఫ్రేమ్ రేటు, మ్యాప్ సైజు, ఇవన్నీ మీరు ఈపాటికి చూసేసి ఉంటారు, వాటి జోలికి నేను పోను. ఇవాళ నేను మాట్లాడేది నీళ్ల గురించి.

అవును, జాంబీ గేమ్‌లో నీళ్ల గురించే. ఇన్నాళ్లూ నేను ఆడిన సర్వైవల్ గేముల్లో నీళ్లంటే స్క్రీన్ మూలన ఒక నీలం గీత, అంతే. సీసా మీద నొక్కితే గీత నిండిపోతుంది. రెండు తుపాకులు, గొడ్డలి, బ్యాగు నిండా డబ్బాలు, పైగా ఒక జనరేటర్ కూడా వేసుకుని ఊరంతా పరిగెత్తేవాళ్లం. ఇక్కడ ఆ ఆటలు సాగవు. లీటరు నీళ్లంటే కిలో బరువు. 2011లో అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ విపత్తు జాగ్రత్తలు చెప్పడానికి జాంబీల కథనే వాడుకుంది, మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. మనిషికి రోజుకు ఒక గ్యాలన్, అంటే దాదాపు 3.8 లీటర్ల నీళ్లు దగ్గర పెట్టుకోమన్నారు. మరి మీ గుంపులో నలుగురు ఉంటే? మూడు రోజులకు 45 కిలోలు దాటిపోతుంది. తిండి, మందులు, బ్యాటరీలు ఇంకా సర్దనే లేదు!

ఇప్పుడు ఈ క్లిప్ చూడండి, నాకు ప్రాణం ఇది. ఖాళీ అపార్ట్‌మెంట్. వంటింట్లో కుళాయి తిప్పితే చుక్క రాదు. వేరే గేమ్ అయితే ఇక్కడ నీళ్లు లేవని వెళ్లిపోతాం. కానీ బాత్రూంలో పెద్ద గీజర్ ఉంది. కరెంటు పోయి నెలలైనా ట్యాంకులో నీళ్లు అలాగే ఉన్నాయి. కింద డ్రెయిన్ వాల్వ్ తిప్పాను. కాసిని కారి ఆగిపోయాయి. ఎందుకంటే లోపలికి గాలి వెళ్లే దారి లేదు. వేడినీళ్ల కుళాయి తెరిస్తే అప్పుడు గాలి లోపలికి వెళ్లి, నీళ్లు ధార కడతాయి. నిజం గీజరైనా అంతే, ఈ గేమ్ దాన్ని అచ్చంగా దించేసింది. అసలు మజా ఇక్కడుంది: గాలి లోపలికి పోతుంటే గుడగుడమని చప్పుడు వస్తుంది. ఆ చప్పుడికి పక్క ఫ్లాట్‌లో ఏదో కదిలింది. బకెట్ సగం కూడా నిండలేదు. వాల్వ్ కట్టేసి పారిపోవాలా, నిండేదాకా ఆగాలా? ఈ నిర్ణయం ముందు తుపాకీ యుద్ధాలన్నీ దండగ!

పెట్రోల్ సంగతి కూడా బాగా పట్టుకున్నారు. నిలవ ఉన్న పెట్రోల్ కొన్ని నెలలకే పాడవుతుంది. అందులో తేలికగా ఆవిరయ్యేవన్నీ పోయి, జిగురులాంటిది మిగిలి ఇంజిన్‌కి అడ్డం పడుతుంది. అందుకే గేమ్‌లో మొదటి చలికాలం వచ్చేసరికి కార్లన్నీ మూలనపడతాయి. వెనక చిన్న ట్రాలీ కట్టిన సైకిల్ దొరికితే పండగే. చప్పుడుండదు, ఇంధనం అక్కర్లేదు, నీళ్ల డబ్బాలు మోస్తుంది.

ఇక నాకు ఒళ్లుమండిన విషయం. వాటర్ ఫిల్టర్. చేత్తో పిండే ఆ చిన్న ఫిల్టర్ దొరికిందంటే, మురుగుకాలవ నీళ్లయినా, ఫ్యాక్టరీ పక్క గుంటలో నీళ్లయినా క్షణంలో మంచినీళ్లు అయిపోతాయి. ఇదెక్కడి లెక్క? 0.1 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో పదివేలో వంతు రంధ్రాలుండే ఫిల్టర్లు నేను ట్రెక్కింగ్‌లో వాడతాను. బ్యాక్టీరియాను, అమీబాలాంటి ఏకకణ జీవుల్ని ఆపుతాయి. వైరస్‌లు అంతకంటే చాలా చిన్నవి, దూరిపోతాయి. నీళ్లలో కరిగిన రసాయనాలనైతే అసలే ఆపలేవు. పైగా ఒకసారి తడిసిన ఫిల్టర్ గడ్డకట్టే చలిలో ఉండిపోతే లోపలి సన్నటి గొట్టాలు చిట్లుతాయి, చూస్తే పైకి ఏమీ తెలియదు. ఈ గేమ్‌లో మంచు కురుస్తుంది, ఫిల్టర్‌కి మాత్రం ఏమీ కాదు!

మిగతా చిరాకులు చిన్నవే. బ్యాగులో ఒక్కో వస్తువూ విడివిడిగా లాగి పెట్టాలి, విసుగొస్తుంది. కంట్రోలర్‌తో మరీ కష్టం.

కొనాలా? ఏరుకోవడం, లెక్కేసుకోవడం, మోసుకోవడం మీకిష్టమైతే కళ్లుమూసుకుని కొనండి. ఈ ఏడాది ఇంతగా నన్ను కట్టిపడేసిన గేమ్ ఇంకోటి లేదు. కాల్పుల కోసమైతే వద్దు, తుపాకులు నాసిరకం.

డెవలపర్లు చూస్తుంటే ఒక్క మాట. ఆ ఫిల్టర్‌ని సరిచేయండి. నీళ్లు మరిగించే పద్ధతి మీ గేమ్‌లో ఇప్పటికే ఉంది. నిజంగానైతే ఒక నిమిషం తెర్లితే సూక్ష్మజీవులు చస్తాయి, 2000 మీటర్లు దాటిన కొండల మీదైతే మూడు నిమిషాలు కావాలి. మరిగించాలంటే కట్టెలు కావాలి, పొగ వస్తుంది, పొగ చూసి ఎవరైనా రావచ్చు. అంత మంచి చిక్కుముడి మీరే కట్టారు, దాన్ని ఈ ఫిల్టర్ ఒక్కటే విప్పేస్తోంది. తర్వాతి అప్‌డేట్‌లో మారితే మళ్లీ మొదటి నుంచి ఆడి ఇంకో వీడియో చేస్తాను.